మ.రా.రా.శ్రీ చీటీ గారి సముఖమునకు

మ.రా.రా.శ్రీ చీటీ గారి దివ్య సముఖమునకు, సభల్లో వెనక నుంచి మూడో వరసలో, తిరిగే ఫ్యాను చూసుకుని కూర్చునే ఒక శ్రోత నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాశాను. పోయిన వారం పుస్తకావిష్కరణలో కనపడినప్పుడు తమరి స్థితి ఏమంత బాగోలేదు. నాలుగు మడతలు పడి, మంచినీళ్ళ గ్లాసు కింద సగం తడిసి, ముఖ్య అతిథి గారి మోచేతి దగ్గర పడి ఉన్నారు. ఆయన తమరిని తీశారు, విప్పారు, కళ్ళజోడు సర్దుకుని మైకులోనే చదివారు: "సమయం మించిపోయింది, దయచేసి ముగించగలరు, అని మన కార్యదర్శి గారు చీటీ పంపారు." ఒకరిద్దరు ఆశగా కాళ్ళతో చెప్పులు వెతుక్కున్నారు. "సమయం అన్నారు కాబట్టి ఒక విషయం గుర్తొస్తోంది," అని ఆయన కాలస్వరూపం గురించి మరో ఇరవై నిమిషాలు చెప్పారు. ఉపన్యాసం ఆపడానికి వెళ్ళిన తమరే ఉపన్యాసానికి విషయమైపోయారు. అంతకన్నా పరాభవం ఇంకో కాగితానికి జరిగి ఉండదు.

ఈ మధ్య ఎటు చూసినా వేదిక మీద ధైర్యంగా మాట్లాడటం నేర్పుతామనేవాళ్ళే. అమీర్‌పేటలో బోర్డులు, ఫోనులో వీడియోలు, ఆదివారం వర్క్‌షాపులు. స్టేజ్ ఫియర్ పోగొడతాం అంటారు. అద్దం ముందు నిలబడి మాట్లాడమంటారు, ఛాతీ విరుచుకోమంటారు, చేతులు ఊపమంటారు. ఎదురుగా ఎవరూ లేరనుకోమంటారు. ఈ చివరి సలహాను మన వక్తలు ఎంత శ్రద్ధగా పాటిస్తున్నారో తమరికి తెలియనిది కాదు. ఎవరూ లేరనుకునే మొదలుపెడతారు. ముగించే వేళకు ఆ మాట నిజం చేసి చూపిస్తారు.

నన్నడిగితే తెలుగు సభలకు ధైర్యం కొరత ఏనాడూ లేదు. "పుస్తకం నిన్న సాయంత్రమే అందింది, దారిలో కారులో తిరగేశాను," అని ఆ పుస్తకం రాసినావిడ ముఖాన చెప్పి, దాని మీదే ముప్పావు గంట మాట్లాడటానికి ఎంత గుండె కావాలి? "నేను వక్తను కాను" అని మొదలెట్టి ఆ మాటకు వరసగా రుజువులు చూపించడానికి? "రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను" అనేవారి సంగతి ఎత్తను, వారిది వేరే గణితం. మాట్లాడవలసినవాళ్ళకి భయం, భయపడవలసినవాళ్ళకి ధైర్యం: పంపకంలోనే ఎక్కడో తేడా వచ్చింది. ఆ తేడాను సరిచేయగలిగింది తమరొక్కరే. సరిచేస్తున్నారా అన్నదే నా ఫిర్యాదు. దానికి వస్తాను.

తమరి వంశం చిన్నదేమీ కాదు. పూర్వం ఏథెన్సు న్యాయస్థానాల్లో అడుగున చిల్లున్న నీళ్ళ కుండ పెట్టేవారు. నీళ్ళు కారిపోతే మాట అయిపోయినట్టే. తమరికి పెద్దమ్మ వరస అవుతుంది. మన పార్లమెంటులో గంట ఉంది. సభాపతి మోగిస్తారు, సభ్యులు దాన్ని పక్కవాద్యంగా స్వీకరించి కొనసాగిస్తారు. 1924లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మొదలైన, సభలో మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ వాళ్ళైతే దీన్ని ఓ పద్ధతిగా తీర్చిదిద్దారు. వాళ్ళ క్లబ్బులు హైదరాబాదులోనూ ఉన్నాయి. మామూలు ప్రసంగానికి అయిదు నుంచి ఏడు నిమిషాలు. అయిదు నిండగానే ఆకుపచ్చ దీపం, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు. నిన్న చేరిన కుర్రాడికైనా, పదేళ్ళుగా వస్తున్న పెద్దాయనకైనా అవే రంగులు. పైగా "ఆ...", "ఊ..." ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టడానికి ఒకరిని విడిగా పెడతారు. ఆయన్ని మన సభకు పిలిచి "ఈ సందర్భంగా", "మనం చూసినట్లయితే", "ఏదైతే ఉందో" ఎన్ని పడ్డాయో లెక్కపెట్టమంటే జ్యోతి ప్రజ్వలన అయ్యేలోపే రాజీనామా ఇస్తాడు.

వాళ్ళ కిటుకు రంగుల్లో లేదనుకోండి. మాట్లాడి దిగినవాడి గురించి తోటి సభ్యుడొకడు లేచి, ఏది బాగుంది, ఏది సాగింది, ఎక్కడ గొంతు వినపడలేదు, అందరి ఎదుటా చెబుతాడు. మాట్లాడినవాడు కూర్చుని వినాలి. అలా నెలకు రెండుసార్లు వింటే ఎవరైనా బాగుపడతారు. మన దగ్గర దిగీ దిగగానే శాలువా కప్పుతారు, జ్ఞాపిక చేతిలో పెడతారు, ఫోటోకి నవ్వమంటారు. శాలువా కప్పుకున్న మనిషికి "మూడో ఉదాహరణ అక్కర్లేదండీ" అని చెప్పే మొనగాడెవడు? ఇలా ముప్పై ఏళ్ళు శాలువాలు పోగేసిన వక్తకి తాను మొదటి ఏడాది చేసిన పొరపాటే ముప్పైయ్యో ఏడూ చేస్తున్నానని తెలిసే దారి లేదు.

అడ్డం పడటం మన సంప్రదాయం కాదంటారేమో. అష్టావధానం ఏమిటి మరి? ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది చుట్టూ చేరి ఒక్క మనిషిని తిన్నగా సాగనివ్వకపోవడమే కదా. నిషిద్ధాక్షరి ఇచ్చినాయన "ఈ అక్షరం వాడకూడదు" అంటూ అక్షరం అక్షరానికీ కాలు అడ్డం పెడతాడు. ఇచ్చిన పదాలతో పద్యం కట్టే దత్తపది మూడో పాదంలో ఉండగా అప్రస్తుత ప్రసంగం చేసేవాయన "అవధాని గారూ, మీ ఆవిడ అలిగితే తెలుగులో బతిమాలతారా, సంస్కృతంలోనా?" అంటాడు. అవధాని నవ్వుతూనే ఆయనకో చురక వేసి, పద్యాన్ని వదిలిన చోటే అందుకోవాలి. చివర ధారణలో అన్ని పద్యాలూ వరసగా ఒప్పజెప్పాలి. అంతరాయాన్నే విద్యగా చేసుకున్న జాతి మనది. అందులో పుట్టిన పెద్దమనిషి అరచేతి వెడల్పు కాగితం వస్తే అవమానం జరిగిందని ముఖం మాడ్చుకుంటాడు. అవధానంలో అప్రస్తుతానికి ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెడతారు. మన సభల్లో ఆ భారం కూడా వక్తగారే పెద్ద మనసుతో మోస్తున్నారు.

క్లుప్తత మనకు చేతకాదనీ అనలేం. 1907లో బెంగాలు నాయకుడు బిపిన్ చంద్ర పాల్ వందేమాతరం ఉద్యమ ప్రచారానికి రాజమహేంద్రవరం వచ్చి ఇంగ్లీషులో ఉపన్యాసాలిస్తే, వాటిని తెలుగు చేసి చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆ సందర్భంలోనే భరతఖండాన్ని పాడియావుతో పోలుస్తూ ఆశువుగా ఒక తేటగీతి చెప్పారు. పాల్ గారు ఆ రోజు ఏమేం అన్నారో ఇవాళ గోదావరి గట్టున ఎవరినైనా అడిగి చూడండి. పద్యం ఎత్తుకుంటే మాత్రం పక్కవాడు అందుకుంటాడు. నాలుగే పాదాలు. తమరి ఒంటి మీద ఒక పక్కన రాసినా సంతకానికి చోటు మిగులుతుంది.

నిడివే నేరమని నా ఉద్దేశం కాదు. ఆదిభట్ల నారాయణదాసు గారు గజ్జె కట్టి హరికథ చెబుతుంటే జనం గంటలకొద్దీ కదలకుండా విన్నారు, తమరి అవసరం ఎవరికీ రాలేదు. భారత ప్రతినిధి వి.కె. కృష్ణమీనన్ 1957 జనవరిలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో కాశ్మీరు మీద రెండు రోజుల్లో దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడాడు. కాకపోతే ఆయన కాశ్మీరు మీద మాట్లాడమంటే కాశ్మీరు మీదే మాట్లాడాడు.

ఇక ఫిర్యాదు. తమరు మనిషిని చూసి వెళతారు.

అదే పుస్తకావిష్కరణలో, ముఖ్య అతిథి గారు ఇంకా దారిలో ఉండగా, డిగ్రీ చదివే అమ్మాయి చేత మాట్లాడించారు. కార్యక్రమం ఖాళీగా కనపడకూడదని పిలిచారంతే, ఆహ్వానపత్రికలో పేరు కూడా లేదు. చేతులు వణుకుతున్నాయి. పుస్తకంలో గుర్తు కోసం బస్సు టికెట్లు పెట్టుకొచ్చింది. ఆ వేదిక మీద పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి ఆమె ఒక్కతేనని రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. "రెండో కథలో అందరికీ పేర్లున్నాయి, తల్లికి లేదు. చివర కొడుకు ఉత్తరం మీద చిరునామా రాసేటప్పుడు..." అంది. రచయిత్రి తలెత్తి చూసింది. నేను కుర్చీలో ముందుకు జరిగాను. సరిగ్గా అప్పుడు తమరు వెళ్ళారు, మడత కూడా లేకుండా, నేరుగా మైకు ముందుకి. బయట కారు ఆగింది కాబోలు. ఆ అమ్మాయి తమరిని చదివి, "సారీ అండీ" అని కూర్చుంది. నాలుగు నిమిషాలు కూడా కాలేదు. ఆ తల్లికి పేరెందుకు లేదో నాకింకా తెలియదు.

ఆ తర్వాత వచ్చిన పెద్దాయన దగ్గరికి మాత్రం తమరు గంట కావస్తుండగా వెళ్ళారు, అదీ గ్లాసు కింద నక్కి. ఆయన పలుకుబడి ముందు తమరికే స్టేజ్ ఫియర్. నిలువునా వణికే పిల్లకి ఆపడం నేర్పి, అసలు ఆగనివాడికి వినయం చూపిస్తున్నారు. ఇంక మాట్లాడటం నేర్చుకోవాలనుకునే పిల్లలకి మనం ఏం నేర్పుతున్నట్టు? బాగా మాట్లాడితే నాలుగు నిమిషాలు, ఆలస్యంగా వస్తే గంట.

తమరిని సరిగ్గా వాడుకున్న మనిషిని ఒక్కరినే చూశాను. మా ఊళ్ళో రిటైరైన తెలుగు మాస్టారు. ఎవరో పంపేదాకా ఉండరు. తన చీటీ తనే రాసుకుని చొక్కా జేబులో పెట్టుకొస్తారు. దాని మీద నాలుగు మాటలుంటాయి, వాక్యాలు కావు. అడుగున మాత్రం ఒక వాక్యం పూర్తిగా, కామాతో సహా. అది చివరి వాక్యం. ముందుగా రాసేది అదేనట. "ఎక్కడ దిగాలో తెలియనివాడు బస్సెక్కితే డిపో దాకా పోతాడు," అంటారు. ముందు రోజు డాబా మీద నడుస్తూ గడియారం చూసుకుని పైకే చెప్పుకుంటారు. మనసులో చెప్పుకుంటే అయిదు నిమిషాలు వచ్చేది, నోటితో చెబితే తొమ్మిది వస్తుందట. మిగతా నాలుగూ ఎక్కడ తీసెయ్యాలో అక్కడే తేల్చుకుంటారు. కొన్నిసార్లు మంచి పిట్టకథే పోతుంది, దానికి బాధపడతారు కూడా.

సభకి అరగంట ముందే వచ్చి, మైకు కుర్రాడి పేరు కనుక్కుని, చివరి వరసలో ఒక నిమిషం కూర్చుని చూస్తారు, అక్కడికి మనిషి కనపడతాడా లేదా అని. లేచాక వేదిక మీది పద్దెనిమిది పేర్లూ చదవరు. "పెద్దలందరికీ నమస్కారం" అని ఒక్క దణ్ణం. (దీనికి ఇద్దరు ముగ్గురు పెద్దలు ఇప్పటికీ ఆయనతో మాట్లాడరు.) ఆయనకి భయం పోయిందనుకునేరు. ఇప్పటికీ చేతులు వణుకుతాయి, మైకు స్టాండు పట్టుకునేది అందుకే. మొదటి రెండు వాక్యాలు నిద్రలో లేపినా చెప్పేంతగా వచ్చి ఉంటాయి. అవి నోటి నుంచి వెళ్ళిపోయేసరికి ఊపిరి సర్దుకుంటుంది. ఆ తర్వాత వెనక వరసలో ఎవరో ఒకరిని చూసి, వాళ్ళకే చెబుతున్నట్టు మాట్లాడతారు. ఎవరైనా తల అడ్డంగా ఊపితే ఆగి, ఇంకోలా చెబుతారు. అయిపోగానే కూర్చుంటారు. చప్పట్లు ఒక్క క్షణం ఆలస్యంగా మొదలవుతాయి, ఇంత తొందరగా అయిపోతుందని జనం అనుకోరు కాబట్టి.

కనుక నా విన్నపాలు. ఒకటి, ఇకనుంచి ప్రసంగం మధ్యలో కాదు, ఆహ్వానపత్రికతో పాటే వెళ్ళండి. "మీకు ఎనిమిది నిమిషాలు, విషయం ఫలానాది, పుస్తకం పంపుతున్నాం, చదవండి" అని ముందే ఒంటి మీద రాయించుకోండి. రెండు, చిన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళవలసి వస్తే "ఇంకో రెండు నిమిషాలు తీసుకోమ్మా" అని కూడా వెళ్ళవచ్చు. అలా వెళ్ళకూడదని ఎక్కడా లేదు. ముఖ్య అతిథుల దగ్గరికి మాత్రం మడతలు విప్పుకుని, ముందు వరసలో అందరికీ కనపడే అక్షరాలతో వెళ్ళండి.

అప్పటికీ ఆగకపోతే ఒక ఉపాయం. తమరి తమ్ముడొకడు ఉన్నాడు: "ఫలానా నంబరు తెల్ల కారు గేటుకు అడ్డంగా ఉంది, తీయించగలరు" అని వచ్చేవాడు. వాడొస్తే ఎంతటి వక్తయినా వాక్యం సగంలో ఆపి చదువుతాడు. ఆ కారు తనదే అయితే ఇక చెప్పనక్కర్లేదు. తమరి మాటకు గౌరవం లేనిచోట వాడి వేషం కట్టి వెళ్ళడం తప్పు కాదని ధర్మశాస్త్రాలు తెలిసిన మాస్టారే అన్నారు.

ఇట్లు,
తమరి రాక కోసం పక్క తలుపు వైపు చూస్తూ ఉండే
ఒక శ్రోత

తా.క.: వచ్చే ఆదివారం సాయంత్రం అయిదున్నరకి మళ్ళీ సభ ఉంది. ఆహ్వానపత్రిక ఇప్పుడే అందింది. వక్తలు పదకొండు మంది, ఆత్మీయ సత్కారాలు ఏడు, నృత్య ప్రదర్శన ఒకటి. ఎనిమిదింటికి హాలు ఖాళీ చేయాలి. ఒక్కరే రాకండి.