సవరణ: కుక్కకు పప్పులు పెట్టడం గురించి

‘ఉప్పు వేయని వేరుశనగ, జీడిపప్పు ఒకటి రెండు పలుకులు పెడితే కుక్కకు ప్రమాదం లేదు’ అన్న మా పాత మాటను కొందరు గింజపప్పులన్నిటికీ వర్తింపజేశారు. అది ఆ రెండింటికే, అదీ పొట్టు తీసి వేయించిన వాటికే పరిమితం.

మకాడమియా అనే విదేశీ గింజపప్పు ఒక్కటి కూడా పెట్టకూడదు. విదేశాల నుంచి బంధువులు తెచ్చే చాక్లెట్లలో, బిస్కెట్లలో ఇది తరచూ ఉంటుంది. తిన్న 12 గంటల్లోపే వెనక కాళ్లు పట్టు తప్పుతాయి. వాంతులు, వణుకు, జ్వరం రావచ్చు. చాలా కుక్కలు 48 గంటల్లో కోలుకుంటాయి గానీ, చాక్లెట్ కూడా కడుపులోకి వెళ్తే సంగతి వేరు, అదీ కుక్కకు విషమే.

మన ఇళ్లలో అసలు భయపడాల్సింది డ్రైఫ్రూట్ లడ్డూకు. అందులో జీడిపప్పు కాదు, కిస్‌మిస్ విషం. కొన్ని కుక్కలకు కొద్దిపాటితోనే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంత వరకు ఫరవాలేదని చెప్పగల కొలత లేదు.

వేరుశనగ వెన్న కొనేటప్పుడు సీసా మీద ‘జైలిటాల్’ అని గానీ, దాని కోడ్ అయిన 967 అనే సంఖ్య గానీ ఉందేమో చూడండి. ఈ తీపి పదార్థం కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్ని కూడా దెబ్బతీస్తుంది. బూజు పట్టిన వేరుశనగలూ కాలేయానికి చేటే. మనం తినలేక పక్కన పెట్టినవి దానికి వేసే అలవాటు మానాలి.

పొరపాటున తింటే ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు, ఉప్పే విషమవుతుంది. ఆ పొట్లాన్ని వెంట తీసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరకు వెళ్లండి.