పండుగారి పరువునష్టం దావా

క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్ మీద స్ట్రాబెర్రీని మీరు చూసే ఉంటారు. ఎర్రగా నిగనిగలాడుతూ, ఒంటి మీద రెండు నీటిచుక్కలతో, అప్పుడే తోటలోంచి వచ్చి ఫోటోకి నిలబడినట్టు ఉంటుంది. పక్కనే పాలు గాల్లోకి ఎగురుతుంటాయి. ఎందుకు ఎగురుతాయో, ఎవరు ఎగరేస్తారో తెలియదు. ప్యాకెట్ల లోకంలో పాలు గ్లాసులో కుదురుగా ఉన్న దాఖలాలు లేవు. సరే, పాలని క్షమిద్దాం. క్షమించలేనిది వెనకవైపు ఉంది. ప్యాకెట్ తిప్పి, అతికించిన మడత విప్పి, దాని కింద చీమ తలకాయంత అక్షరాలని కూడబలుక్కుంటే ఒక ముక్క కనిపిస్తుంది. ఇందులో పండు లేదు, బొమ్మ కేవలం అలంకారానికే.

అలంకారమట!

"దాచలేదుగా, రాశాంగా" అంటారు కంపెనీ తరఫు పెద్దమనుషులు. రాశారు, కాదనను. అబద్ధాన్ని అరచేయంత బొమ్మగా వేసి, నిజాన్ని మడతలో రాశారు. కొనేవాళ్ల పరువు పోవడం రోజూ ఉండేదే కాబట్టి దాని గురించి ఎవరూ బెంగపడరు. మరి పండు పరువు సంగతేమిటి? అడక్కుండా ఫోటో వాడుకున్నారు, పేరు పెట్టుకున్నారు, రంగు పులుముకున్నారు. పండుని మాత్రం గేటు దగ్గరే ఆపేశారు. ఇది భరించాల్సిన అవసరం ఏ పండుకీ లేదు. స్ట్రాబెర్రీ తక్షణం పరువునష్టం దావా వేయాలని నా సలహా. వేస్తే ఏమవుతుందో కూడా నాకు కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది.

స్ట్రాబెర్రీ బోనెక్కుతుంది. "యువరానర్, నా మొహం లేని ప్యాకెట్ లేదు. నేను ఉన్న ప్యాకెట్ లేదు." ఇంతే దాని వాదన.

ప్రతివాది లాయరు లేచి గౌను సర్దుకుంటాడు. "యువరానర్, ఈవిడెవరో మా క్లయింటుకి తెలియదు. ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచి గేటు రిజిస్టర్లన్నీ తెచ్చాం. ఏనాడూ ఏ పండూ లోపలికి వచ్చిన పాపాన పోలేదు. కావాలంటే వాచ్‌మన్‌ని విచారించండి."

అమాయకత్వానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ లాయరూ తేలేడు. జడ్జిగారు మాత్రం కాస్త అయోమయపడి, "మరి బిస్కెట్లో ఆ వాసన ఎక్కడిది?" అంటారు.

"దానికి సాక్షి ఉన్నాడు యువరానర్."

నేచర్ ఐడెంటికల్ ఫ్లేవర్ అనే పెద్దమనిషి బోనులోకి వస్తాడు. "నేను అచ్చం ఆవిడే. అణువులు సరిచూసుకోండి" అని జడ్జిగారి ముక్కు దాకా వంగుతాడు.

"ఎక్కడ పుట్టావు?"

"ల్యాబులో."

"తోట ఎప్పుడైనా చూశావా?"

"మా మేనేజరు గదిలో క్యాలెండర్ ఉంది. అందులో చూశాను."

తర్వాత రంగు వస్తాడు. పేరు అడిగితే నంబరు చెబుతాడు, ఐఎన్ఎస్ 122 అని. ఐఎన్ఎస్ అంటే తిండిలో కలిపే రంగులకీ, రసాయనాలకీ పెట్టిన అంతర్జాతీయ నంబర్ల వరస. పులుపు నంబరు 330. నూనె, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచేవాడిది 322. న్యాయంగా మాట్లాడుకుంటే చివరి ఇద్దరి మీదా నాకు పెద్దగా కోపం లేదు. 330 అంటే నిమ్మకాయలో కూడా ఉండే సిట్రిక్ యాసిడ్, 322 అంటే లెసిథిన్. కానీ ఒక్క పండు వేషం కట్టడానికి ఇంతమంది జీతగాళ్లని పెట్టుకునే బదులు ఆ పండునే పిలవొచ్చుగా అని జడ్జిగారు అడిగితే, లాయరు తల వంచుకుని, "పిలవొచ్చు యువరానర్. కానీ అది కుళ్లిపోతుంది" అంటాడు. కేసు మొత్తంలో అతను చెప్పిన నిజం ఇదొక్కటే.

అసలు రక్తి కట్టేది చక్కెర సాక్ష్యం. బంట్రోతు "చక్కెరా!" అని పిలుస్తాడు, ఒకాయన లేస్తాడు. "గ్లూకోజ్ సిరప్!" అంటే అదే ఆయన మీసం తగిలించుకుని లేస్తాడు. "ఇన్వర్ట్ సిరప్!" అంటే టోపీ పెట్టుకుని లేస్తాడు. "డెక్స్‌ట్రోజ్!" అనేసరికి మీసం ఊడి కిందపడుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్‌ని పిలిస్తే "నేను చక్కెర లెక్కలోకి రాను, దూరపు బంధువుని" అని గొణుగుతాడు.

"ఒక్కడికి ఇన్ని పేర్లెందుకయ్యా?"

"యువరానర్, దినుసుల్ని బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలని రూలు. ఒక్క పేరుతో వస్తే ముందు వరసలో కూర్చోబెడతారు. నలుగురిగా వస్తే తలా కాస్త వెనక్కి సర్దుకుంటాం. అక్కడైతే ఎవరి కళ్లా పడం."

తీర్పు మూడు ముక్కల్లో వస్తుంది. ప్యాకెట్ మీద నిజం రాసే ఉంది, చదవకపోవడం కొన్నవాళ్ల తప్పు. కోర్టు ఖర్చులు స్ట్రాబెర్రీయే కట్టాలి. పోతే, వాదికి బార్‌కోడ్ లేదు, దినుసుల పట్టిక లేదు, ఎప్పటిలోగా వాడాలో ఎక్కడా ముద్రించి లేదు, కాబట్టి తాను స్ట్రాబెర్రీనని రుజువు చేసుకోవడంలో విఫలమైంది.

ఈ తీర్పుని నేను కొత్తగా కల్పించింది ఏమీ లేదు. దుకాణాల్లో రోజూ అమలవుతున్నదే రాశాను. ఒంటి మీద ఒక్క అక్షరం కూడా లేని అరటిపండు ఓ మూల నల్లబడుతూ ఉంటుంది. విటమిన్లు, ఐరన్, కాల్షియం, ఎదుగుదల అని ఒళ్లంతా రాసుకున్న డబ్బా కళ్ల ఎదుట నిలబడుతుంది. తన మంచితనం గురించి ఇంతగా చెప్పుకునే మనిషి ఎదురైతే జేబు తడుముకుంటాం. డబ్బా అయితే బుట్టలో వేసుకుంటాం. ఇక దాని వెనక ఉండే 'ఒక సర్వింగ్' అనే వింత లెక్క ఉంది చూశారూ, సర్వింగ్ అంటే రెండు బిస్కెట్లట. రెండు తిని ప్యాకెట్ మడిచి లోపల పెట్టేసిన మనిషిని ఎవరైనా చూశారా?

ప్రాసెసింగ్ మొత్తం పాపమని అనడం లేదు. పాలు కాచడం, పప్పు ఉడికించడం, బఠాణీలు గడ్డకట్టించడం కూడా ప్రాసెసింగే. ఆ తేడా చెప్పడానికే బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయంలో కార్లోస్ మోంటీరో బృందం 2009 నుంచి నోవా అనే వర్గీకరణని, అంటే తిండిని ఎంతగా ప్రాసెస్ చేశారో చూసి వర్గాలుగా విడగొట్టే పద్ధతిని ముందుకు తెచ్చింది. అందులో నాలుగో వర్గం అల్ట్రా ప్రాసెస్డ్, అంటే ఎక్కువగా ఫ్యాక్టరీ దినుసులతో కట్టిన తిండి. గుర్తుపట్టడం తేలిక. ఏ వంటింట్లోనూ డబ్బాలో పోసి పెట్టుకోని పదార్థం పట్టికలో కనిపిస్తే అది దాదాపుగా ఆ వర్గమే. ఇన్వర్ట్ సిరప్ అయిపోయిందని పక్కింటికి గ్లాసు పట్టుకుని వెళ్లినవాళ్లు ఇంతవరకూ లేరు.

దీని మీద కంపెనీలు ఎప్పుడూ వల్లించే మాట ఒకటుంది. "మితంగా తినండి. ఎంపిక మీదే." వినడానికి ఎంత మర్యాదగా ఉందో! ఎక్కువ తిన్నావంటే నీకు నిగ్రహం లేదు, మా సరుకు అమాయకురాలు. ఈ నిగ్రహం సంగతి తేల్చే ప్రయోగం ఒకటి 2019లో వచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని 28 రోజులు ఆసుపత్రిలోనే ఉంచింది. రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ భోజనం, రెండు వారాలు మామూలు భోజనం. ముందు పెట్టిన పళ్లెంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానం. కావలసినంత తినమన్నారు. అల్ట్రా ప్రాసెస్డ్ తిన్నన్నాళ్లూ అదే మనుషులు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు 0.9 కిలోలు పెరిగారు. మామూలు తిండికి మారితే దాదాపు అంతే తగ్గారు. మనుషులు మారలేదు, వాళ్ల గుణం మారలేదు, పళ్లెం మారింది. ఆగకుండా తినేలా తయారుచేసి, ఆగలేదని తిట్టడం ఏం మర్యాద?

ఆ తిట్టు పడేది ఎవరికి? రెండు ఉద్యోగాల మధ్య ఇంటికొచ్చి పది నిమిషాల్లో పిల్లల ముందు ఏదో ఒకటి పెట్టాల్సిన అమ్మకి. ఆవిడ భూతద్దం పట్టుకుని నంబర్లు చదువుకోవాలట, మీసాల చక్కెరని, టోపీ చక్కెరని విడివిడిగా గుర్తుపట్టాలట. రసాయన శాస్త్రం చదవలేదు కాబట్టి పిల్లాడి లావుకి ఆవిడే బాధ్యురాలట. చెప్పేవాళ్లకి సిగ్గుండాలి. పైగా నిజం తెలుసుకుందామన్నా ఎవర్ని నమ్మాలి? అమెరికా చక్కెర పరిశ్రమ సంస్థ హార్వర్డ్ పరిశోధకులకి డబ్బిచ్చి, గుండెజబ్బుల నేరాన్ని కొవ్వు మీదకి నెట్టి చక్కెర పాత్రని తగ్గించి చూపే సమీక్ష రాయించింది. అది 1967లో పేరున్న వైద్య పత్రికలో అచ్చయింది. డబ్బు ఎవరిచ్చారో అందులో లేదు. పాత ఉత్తరాలు తవ్వి ఆ సంగతి బయటపెట్టేసరికి 2016 వచ్చింది. దాదాపు యాభై ఏళ్లు! ఎంపిక మనదే మరి.

ప్రభుత్వాలు తలుచుకున్నా ఏమీ చేయలేవన్నదీ అబద్ధమే. అదే 2016లో చిలీ, చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు హద్దు దాటిన ప్యాకెట్ల ముందువైపు నల్లటి అష్టభుజి ముద్ర వేయించింది. ముద్ర పడిన సరుకు బడిలో అమ్మకూడదంది, దాని మీద పిల్లల్ని పిలిచే కార్టూన్ బొమ్మలు ఉండకూడదంది. 2020లో మెక్సికో, చక్కెర బదులు స్వీటెనర్ పోస్తే పిల్లలకు తగదని ప్యాకెట్ మీద రాయించింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. డబ్బా మీద బొమ్మ మా ట్రేడ్‌మార్కు, దాన్ని తీసేయమనడం మా హక్కుల మీద దెబ్బ అన్నాయి. నవ్వే బొమ్మ జంతువుకి హక్కులున్నాయట. దాన్ని చూసి చెయ్యి చాచే నాలుగేళ్ల పిల్లకి మాత్రం ఎంపిక ఉందట.