తవ్వబోయే అధికారులకు వినయపూర్వక సూచనలు

పురావస్తు శాఖలో కొత్తగా చేరినవారు ముందుగా కీళడి వెళ్లి రావాలి. మదురై దగ్గర, శివగంగ జిల్లాలో, కొబ్బరి తోటల మధ్య ఉంది ఆ చోటు. అక్కడ బయటపడ్డ పాత తమిళ ఊరు వయసెంతన్న దాని మీదే ఢిల్లీకీ చెన్నైకీ పేచీ. 2014–15లో కేంద్ర శాఖ మొదలుపెట్టిన ఆ తవ్వకంలో ఇప్పటికి మట్టికన్నా కాగితమే ఎక్కువ పైకొచ్చింది.

గుంత సంగతి తేలికే. పది మీటర్లకు పది మీటర్ల చదరం గీసి, నాలుగు భాగాలు చేసి, నడుమ అర మీటరు గట్లు వదలండి. గట్టును బద్ధకం కొద్దీ వదిలారనుకోకండి, పొరలు చదివేది దాని గోడ మీదే. బొగ్గు కనిపిస్తే చేత్తో ముట్టుకోకుండా తాపీ మొనతో తీసి, అల్యూమినియం రేకులో చుట్టి, ఏ భాగం, ఏ పొర, ఎంత లోతు అన్నది అక్కడికక్కడే రాయండి. పక్కన ఎలుక బొరియ ఉంటే ఆ ముక్క జోలికి పోవద్దు. నిన్నటిదాన్ని కిందికి దించి పాతదిగా చూపించడంలో ఎలుక ఏ నాయకుడికీ తీసిపోదు.

అసలు చిక్కు ల్యాబ్ కాగితం వచ్చాక మొదలవుతుంది. కీళడిలో 353 సెంటీమీటర్ల లోతున దొరికిన బొగ్గు ముక్క ఫ్లోరిడాలోని ల్యాబ్‌కు వెళ్లి, క్రీ.పూ. 580 అనిపించుకుని వచ్చింది. 2019లో తమిళనాడు ప్రభుత్వం ఆ అంకెను ఘనంగా ప్రకటించింది. నిజానికి ల్యాబ్ చెప్పేది ఒక సంవత్సరం కాదు. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా, ఇంత సంభావ్యతతో, అని. పైగా రేడియోకార్బన్ లెక్కను, అంటే బొగ్గులో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను బట్టి కట్టే వయసును, క్యాలెండర్లోకి మార్చే రేఖ సరిగ్గా క్రీ.పూ. 750కీ 400కీ మధ్య బల్లపరుపుగా సాగుతుంది. ఆ మూడున్నర శతాబ్దాల్లో ఎప్పుడు నరికిన చెట్టయినా దాదాపు ఒకే లెక్క చూపిస్తుంది. అది చాలదన్నట్టు, తేదీ చెట్టుది. దాన్ని పొయ్యిలో పెట్టింది ఎప్పుడో చెట్టుకేం తెలుసు? ఇదంతా రాయాలంటే ఫ్లెక్సీ పట్టదు. అందుకే ఒక్క అంకె వేస్తారు.

బల్లపరుపు నేల మీద ఎవరికి నచ్చిన చోట వాళ్లు కుర్చీ వేసుకోవచ్చు. కీళడిలో తొలి రెండు సీజన్లు తవ్విన కేంద్ర శాఖ అధికారి అమర్‌నాథ్ రామకృష్ణను 2017లో అస్సాంకు పంపారు. తర్వాత వచ్చిన అధికారి మరో 400 చదరపు మీటర్లు తవ్వి, ఇటుక కట్టడాల కొనసాగింపు కనిపించలేదన్నారు. దిబ్బ అదే, అధికారి మారారు. రామకృష్ణ 2023 జనవరిలో ఇచ్చిన 982 పేజీల నివేదికను ఢిల్లీ 2025 మే దాకా, అంటే రోజుకు పేజీకి కాస్త పైన, శ్రద్ధగా చదివింది. చదివి, ఆ ఊరి మొదటి దశకు వేసిన క్రీ.పూ. 8–5 శతాబ్దాల కాలం మరీ వెనక్కి పోయింది, మహా అయితే క్రీ.పూ. 300కు ముందు ఎక్కడో ఉండొచ్చు, సవరించమంది. ఆయన ససేమిరా అన్నారు. జూన్‌లో మళ్లీ బదిలీ. పొరల క్రమాన్ని నిర్ణయించేది మట్టి అని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, సర్వీసు నిబంధనల్లో లేదు.

చెన్నైని తక్కువ అంచనా వేయకండి. అక్కడ తేదీలు వెనక్కే నడుస్తాయి. 2025 జనవరిలో తమిళ నేల మీద ఇనుము వయసు 5,300 ఏళ్లని సాక్షాత్తు ముఖ్యమంత్రే ప్రకటించారు. తూత్తుకుడి జిల్లా శివగళై తవ్వకంలో ఇనుముతోపాటు దొరికిన బొగ్గు క్రీ.పూ. 3345 అంది మరి. బొగ్గు వయసు ఇనుముకూ అంటాలంటే రెండూ ఒకేసారి అక్కడ పడ్డాయని పొర సాక్ష్యం చెప్పాలి. పొరను ఎవరూ వేదిక మీదికి పిలవరు.

మన తెలుగువాళ్లకు ఈ తలనొప్పి లేదు. అమరావతి స్తూపం పలకలు లండన్‌లోనూ చెన్నైలోనూ భద్రంగా ఉన్నాయి. పేరు మాత్రం రాజధానికి పెట్టుకున్నాం, పేరుకు రేడియోకార్బన్ పరీక్ష అక్కర్లేదు.

చివరగా, సీజన్ ముగిశాక గుంతలో పాలిథిన్ పట్టా పరిచి మట్టి పోయండి. రేపు తవ్వేవాళ్లకు మీరెక్కడ ఆగారో తెలియాలి. పట్టా మీద ఆ ఏడాది నాణెం కూడా ఒకటి వేయండి. దాని మీదున్న సంవత్సరాన్ని సవరించమని ఇంతవరకు ఎవరూ ఉత్తరం రాయలేదు.