క్లచ్ పట్టని కొడుకు

మా నాయిన ఆర్టీసీ డ్రైవరు. పటాన్‌చెరు నుంచి కోఠికి 218 నడిపీ నడిపీ రిటైరయ్యాడు. పాత బస్సుల్లో ఒక్క గేరు మారాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, న్యూట్రల్‌కి ఒకసారి, గేరుకి ఇంకోసారి. ఆయన కడుపున పుట్టిన నేను, అసలు క్లచ్ పట్టకుండానే నా బైకుకి గేరు వేయించే సామాను కోసం 15 వేలు పోశాను.

దాన్ని క్విక్ షిఫ్టర్ అంటారు. గేర్ లివర్ రాడ్డులో ఓ సెన్సర్ ఉంటుంది. కాలు లివర్‌ని పైకెత్తగానే అది పసిగట్టి స్పార్కుని ఓ 65 మిల్లీసెకన్లు ఆపేస్తుంది. ఇంజన్ ఊపిరి బిగబట్టిన ఆ కాస్తలో గేరు మీద బరువు పోయి, పై గేరు ఇట్టే పడుతుంది. యాక్సిలరేటర్ తిప్పిన చెయ్యి తిప్పినట్టే ఉంచొచ్చు. రేసుల్లో దీని విలువ వేరు. మా కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు టైములో థర్డ్ గేరు పడితే పండగే. అవుటర్ రింగ్ రోడ్డు మీదికా, టూవీలర్లని రానివ్వరు. ఈ సంగతి కొనేముందు తట్టలేదని అబద్ధమాడను. తట్టింది. పట్టించుకోలేదు.

"మరి గేరు దించేటప్పుడు?" అన్నాడు నాయిన.

"దించేటప్పుడు క్లచ్ పట్టాల్సిందే నాయినా. ఇది ఎక్కించడానికే."

"సగం పనికే గన్ని పైసలా!"

ఆదివారం పొద్దున్నే సెల్లార్లో పని మొదలుపెట్టా. రాడ్డుకి రెండు చివర్లా రెండు నట్లు. ఒకటి మర్యాదగా ఊడింది. రెండోది పదో నంబరు స్పానరుతో ఎంత తిప్పినా ఇంకా బిగుసుకుంటోంది. అరగంట కుస్తీలో నట్టు మూలలు అరిగి గుండ్రంగా తయారైంది. అప్పటిదాకా కుర్చీలోంచి చూస్తున్న వాచ్‌మన్ లేచొచ్చి, "సార్, ఉల్టా తిప్పి చూడుండ్రి" అన్నాడు. ఊడింది! రాడ్డు తిప్పితే పొడవు పెరిగేందుకు ఒక చివర ఎడమ మరలు పెడతారు. నీకెలా తెలుసయ్యా అంటే, "టేబుల్ ఫ్యాన్ రెక్కల బిళ్ళ గూడ గట్లనే ఊడుతది గద సార్" అన్నాడు. నాది ఇంజనీరింగ్ డిగ్రీ. ఈ ముక్క అతనికి చెప్పలేదు.

తర్వాత ఫోన్లో యాప్. లివర్ ఎత్తినప్పుడు రాడ్డు నొక్కుకునే బండ్లు కొన్ని, సాగే బండ్లు కొన్ని. ఏదో ఒకటి ఎంచుకోమంది. సహజంగానే తప్పుది ఎంచుకున్నా. ఎంత ఎత్తినా సెన్సర్ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. అది సరిచేశాక, ఎంత బలంతో ఎత్తితే పనిచెయ్యాలో అడిగింది. ఇంత డబ్బు పెట్టింది సుకుమారం కోసమే కదా అని అన్నిటికంటే తక్కువ అంకె పెట్టా.

జేఎన్‌టీయూ దాటాక గుంతలో పడగానే టప్! ఇంజన్‌కి ఎక్కిలి వచ్చింది. ఇంకో గుంత, ఇంకో టప్. స్పార్కు ఆగినా పెట్రోలు పడుతూనే ఉంటుంది కాబట్టి, కాలకుండా మిగిలింది సైలెన్సర్లోకి పోయి అక్కడ పేలుతోంది. దీపావళికి మిగిలిపోయిన టపాకాయల సంచీ మీద కూర్చుని పోతున్నట్టుంది. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసాయన చెయ్యెత్తాడు.

"సైలెన్సర్ మార్చినవా?"

"లేదు సార్, ఇది క్విక్ షిఫ్టర్. క్లచ్ పట్టే టైం మిగులుద్దని..."

"ఎంత మిగుల్తది?"

"సెకనులో ఐదో వంతు ఉంటుంది సార్."

ఆయన వంగి సైలెన్సర్ చూశాడు. కంపెనీదే. నా మొహమూ చూశాడు. బండి కాయితాలన్నీ చూడ్డానికి పావుగంట తీసుకున్నాడు.

సాయంత్రం నాయిన వెనక సీటెక్కాడు. "అటుక మీద కూసున్నట్టుందిరా" అంటూ నా భుజాలు పట్టుకున్నాడు. మా సందులో స్పీడ్ బ్రేకర్ మీద టప్ అనగానే, "ఎడమకాలు ఏడ పెట్టినవ్?" అన్నాడు.

చూసుకుంటే, బూటు ముందుభాగం లివర్ కిందే దూర్చి ఉంది. ఎప్పుడు గేరు వెయ్యాల్సొస్తుందోనని రెడీగా. కుదుపు తగిలిన ప్రతిసారీ కాలు ఎగిరి లివర్‌ని తాకుతోంది.

"క్లచ్ మీద కాలు పెట్టి నడిపి కేఎంపీఎల్, అంటే లీటరుకొచ్చే కిలోమీటర్లు, పడగొడితే మాకు డిపోల మెమో ఇచ్చేటోళ్లు" అన్నాడు. నాకు మెమో ఇవ్వలేదు గానీ, ఇల్లు చేరేదాకా అదే చెప్పాడు.

ఆ రాత్రే స్పార్కుని ఆపే డబ్బాని, అదే మాడ్యూల్‌ని, ఊడబీకి, స్పార్కునిచ్చే కాయిల్ వైరు పాతచోటే తగిలించేశా. తెల్లారి టీ తాగుతుంటే, "ఒక్క రౌండ్ కొట్టొస్త" అని నాయిన తాళం చెవి పట్టుకుపోయాడు. బాల్కనీ నుంచి చూస్తున్నా. ఎడమచేతి వేళ్లు క్లచ్ జోలికే పోలేదు. చెవితో ఇంజన్ విని, యాక్సిలరేటర్ రవ్వంత వదిలి, కాలితో ఒక్క ఎత్తు. సెకండ్ పడింది. థర్డ్ పడింది. చప్పుడే లేదు.

పైకొచ్చి తాళం చెవి టీపాయ్ మీద పెట్టాడు. "మంచిగనే పనిచేస్తుందిరా నీ మిషిను. పైసలు దండగ గాలే."

మాడ్యూల్ ఆ పక్కనే న్యూస్‌పేపర్ కింద ఉంది. పేపరు ఇంకాస్త ఇటు జరిపాను.