వెనక లైటు లేని ట్రక్కు గారికి

మహారాజశ్రీ ట్రాక్టరు ట్రక్కు గారి దివ్యసముఖానికి,

ఇక్కడ నేను క్షేమం. మీ వెనకాల ప్రయాణం చేసి కూడా క్షేమంగా ఉన్నానంటే అది మా ఇలవేల్పు చలవ. మీ క్షేమం అడగను. మిమ్మల్ని గుద్దుకున్నవాళ్ళకి ఏదైనా అవుతుంది గానీ మీకెప్పుడూ ఏమీ కాదు. మహా అయితే నాలుగు గడ్డి కట్టలు జారతాయి.

మొన్న ఆదివారం కంకిపాడు దాటాక గుడివాడ రోడ్డులో మీ దర్శనం అయింది. మీకు గుర్తుండదు. వెనక ఎవరొస్తున్నారో చూసుకునే అలవాటు మీ ట్రాక్టరుకి లేదు. చూసుకుందామన్నా అద్దం ఉండదు. అద్దం ఉన్నా అందులో గడ్డే కనపడుతుంది. మీ లోడు రెండు పక్కలా రోడ్డు మార్జిను దాకా పొంగిపోయి, ఎవరి ప్రమేయం లేకుండా ఓ గడ్డివాము తనంతట తాను గుడివాడ బయల్దేరినట్టుంది. లోపల ఎక్కడో ట్రాక్టరు ఉందని పాటల్ని బట్టి తెలిసింది.

మా పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షను. "పన్నెండింటికల్లా వచ్చెయ్యరా అబ్బాయ్, బూరెలు వేడివేడిగా తిందువుగాని" అని పెద్దమ్మ ముందురోజు ఫోన్ చేసి మరీ చెప్పింది. నేను వెళ్ళేసరికి షామియానా విప్పుతున్నారు. పెరుగన్నం, అప్పడం ముక్కలు మిగిలాయి. "హైదరాబాదు వాళ్ళు కూడా వచ్చి తిని వెళ్ళిపోయారు, నీకు విజయవాడ నుంచి రావడానికి ఇంతసేపా" అంది పెద్దమ్మ. నేను మీ పేరు చెప్పాను. నమ్మలేదు.

అదలా ఉంచండి. మీకు తెలియదు గానీ నేను కారుని పొదుపుగా నడిపే జాతివాణ్ణి. టైర్లలో గాలి క్రమం తప్పకుండా చూపిస్తాను. డిక్కీలో అక్కర్లేని బరువు మోయను. హైవే మీద కూడా ఎనభై దాటించను, ఎందుకంటే వేగం రెండింతలైతే ఎదురుగాలి తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ముందు బండికి బాగా ఎడంగా ఉంటాను. బ్రేకు తొక్కిన ప్రతిసారీ పెట్రోలు పోసి కొన్న వేగాన్ని వేడి చేసి గాల్లో పారబోయడమే కదా. పల్లంలో న్యూట్రల్ చెయ్యను. గేర్లోనే ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇప్పటి ఇంజన్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్లో అయితే ఇంజను ఆడుతూ ఉండటానికి తాగుతూనే ఉంటుంది. ఈ మాటంటే మా బావమరిది నవ్వుతాడు. నవ్వనీండి. డ్యాష్‌బోర్డు మీద లీటరుకి 19 కనపడిన రోజు నేను ఇంట్లో ఎవరితోనూ గొడవ పడను.

అలాంటి నన్ను మీ వెనక సెకండ్ గేర్లో పెట్టారు. ఫస్టు, సెకండు, బ్రేకు, మళ్ళీ ఫస్టు. కిటికీ దింపితే గడ్డి, ఎత్తితే ఏసీ. నా 19 నా కళ్ళముందే 11కి దిగింది. కారు కొన్నప్పుడు కాగితం మీద రాసిచ్చిన మైలేజీ ఉంటుంది చూడండి, అది ల్యాబులో రోలర్ల మీద కారుని పరిగెత్తించి, ఏసీ ఆపి, వేగం 90 దాటకుండా లెక్కకట్టింది. ఆ రోలర్ల ముందు గడ్డి ట్రక్కు ఉండదు. ఉంటే దేశంలో ఏ కారూ అమ్ముడుపోదు.

పైగా ఇందులో ఇంకో చమత్కారం ఉంది. చెరకు సీజన్లో ఉయ్యూరు దారిలో తిరిగేది మీరే. చెరకు, నూకలు, మొక్కజొన్న ఇవన్నీ ఇథనాల్ అవుతాయి. ఆ ఇథనాల్ నూటికి ఇరవై పాళ్ళు కలిపి నా ట్యాంకులోనే పోస్తున్నారు. లీటరు పెట్రోల్లో ఉన్న శక్తిలో ఇథనాల్లో ఉండేది మూడింట రెండొంతులే. అంటే మీరు నా మైలేజీని ముందు బంకులో ఒకసారి తగ్గించి, అది చాలక రోడ్డు మీదికొచ్చి స్వయంగా రెండోసారి తగ్గిస్తున్నారు. ఇంత నిబద్ధత నేను ఏ ప్రభుత్వ పథకంలోనూ చూడలేదు.

ఓవర్‌టేక్ సంగతి కూడా చెప్పుకోవాలి. గడ్డి పైన పడుకున్న కుర్రాడు చెయ్యి ఊపాడు. రమ్మన్నాడనుకుని కుడికి తీశాను. ఎదురుగా పల్లెవెలుగు బస్సు. ఆ కుర్రాడు ఈగలు తోలుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

ఇదంతా క్షమించేశాను. రైతు పంట, రైతు గడ్డి, రోడ్డు అందరిదీ. ఓ పూట భోజనం, అర లీటరు పెట్రోలు, పెద్దమ్మ దగ్గర పరువు పోతే పోయాయి.

కానీ రాత్రి సంగతి క్షమించలేను.

తిరుగు ప్రయాణంలో చీకటి పడ్డాక అదే రోడ్డు మీద మీరు మళ్ళీ కనపడ్డారు. కనపడ్డారు అనడం తప్పు, కనపడలేదు. టైరు పంక్చరై సగం రోడ్డు మీద, సగం మార్జిను మీద నిలబడి ఉన్నారు. ఎదురుగా లారీ వస్తోందని నేను డిమ్ కొట్టాను. లారీవాడు కొట్టలేదు, వాడికి వేరే ఉత్తరం రాస్తాను. లారీ దాటీ దాటగానే నా బానెట్టుకి ఎదురుగా గోడ. ఎరుపు లేదు, మెరుపు లేదు. జాగ్రత్తగా ఒక తుమ్మకొమ్మ విరిచి మీ వెనక చక్రానికి ఆనించి పెట్టారు. ఆకుపచ్చ కొమ్మ. రాత్రిపూట.

మీకు లెక్కలు రావు కాబట్టి నేను చెప్తాను. 60 స్పీడులో కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. కంటికి ఆని, బుర్రకెక్కి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకను, సెకనున్నర. అక్కడ్నుంచి బండి ఆగడానికి మంచి రోడ్డయితే ఇంకో ఇరవై మీటర్లు. డిమ్ లైటులో ముందున్నది స్పష్టంగా కనపడేది నలభై, యాభై మీటర్లు. అంటే 60లో పోయేవాడు బొటాబొటిగా బతుకుతాడు. 80లో పోయేవాడికి అరవై మీటర్లు దాటి కావాలి. అతను బ్రేకు మీద నిలబడినా మీలో కలిసిపోతాడు. ఆ రాత్రి నేను ఆగగలిగింది నా తెలివితో కాదు. పొద్దున పోయిన మైలేజీని పూడ్చుకుందామని టాప్ గేర్లో యాభైకి అటూ ఇటూ నిదానంగా వస్తున్నాను. నా పిసినారితనం నన్ను బతికించింది. ఇంక బావమరిదిని నవ్వమనండి.

కారు దిగి మీ చుట్టూ తిరిగాను. ట్రాక్టరు ముందు చూస్తే దేదీప్యమానం. బంపరు చుట్టూ రంగురంగుల ఎల్‌ఈడీ పట్టీ, పైన రెండు సౌండు బాక్సులు, మధ్యలో అభిమాన హీరో. మీ వెనక తలుపు మీద యజమాని పిల్లలిద్దరి పేర్లు, దేవుడి పేరు, వెల్డింగ్ షెడ్డు ఫోన్ నంబరు. మీకంటూ విడిగా ఉండాల్సిన రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం లేదు. లైటు ఉండాల్సిన చోట రెండు గుండ్రటి కన్నాలు ఉన్నాయి. ఒకదాంట్లో ఎవరో ఖైనీ పొట్లం దోపారు.

సరే, పేద ట్రక్కు, కరెంటు ఎక్కడ్నుంచి తెస్తుంది అనుకుని ట్రాక్టరు వెనక వంగి చూశాను. అక్కడ ఉంది! ఏడు పిన్నుల సాకెట్టు. కంపెనీ వాళ్ళే ఇచ్చింది, ట్రక్కు లైట్ల కోసమే ఇచ్చింది. మూత కూడా తియ్యలేదు. మూత కింద సాలెపురుగు కాపురం ఉంది.

ఏం, నీకేం రోగం? ముందు నుంచి వచ్చేవాడికి అన్ని రంగులు చూపిస్తావే, వెనక నుంచి వచ్చేవాడు మనిషి కాదా? రెండు బల్బులు, ఓ ప్లగ్గు, నాలుగైదు గజాల వైరు. ఆ సౌండు బాక్సుల ఖర్చులో ఎన్నో వంతు అది? ఖాళీగా తిరిగేటప్పుడు దుక్కి దున్నే తెల్ల లైటు వెనక్కి వేసుకుని పోతావు కదా, అప్పుడు లైటు ఎక్కడ్నుంచి వచ్చింది? వెనక నుంచి తెల్ల లైటు కనపడితే ఎదురుగా ఎవరో వస్తున్నారనుకుని మేము పంట కాలవలోకి తిప్పాలా? జనవరి అంతా రహదారి భద్రతా మాసం అని ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు. ఆ ఫ్లెక్సీల గడకర్రలు మోసుకొచ్చింది కూడా నువ్వే. వెనక లైటు లేకుండా.

ఇంకా చెప్పమంటావా? నీకు సొంత బ్రేకు లేదు. నీ బరువు, లోడు బరువు కలిపి ట్రాక్టరు బరువుకి రెండింతలో మూడింతలో ఉంటే, ఆపాల్సింది మాత్రం ఆ ట్రాక్టరు వెనక చక్రాలు రెండే. వాటికి కుడికొకటి, ఎడమకొకటి వేర్వేరు బ్రేకు పెడళ్ళు. పొలంలో మలుపు తిరగడానికి అవి విడిగా ఉండాలి, రోడ్డెక్కితే రెండింటినీ కలిపి కొక్కెం వెయ్యాలి. వేస్తున్నారా? వేగంలో ఒక్క పెడలే పడితే ట్రాక్టరు ఒక పక్కకి లాగేస్తుంది, వెనక నుంచి నువ్వు తోస్తావు, ఇద్దరూ కలిసి మడతపడతారు. డీజిలు కలిసొస్తుందని కాలవ కట్ట దిగేటప్పుడు న్యూట్రల్ కొడతారు, ఇంజను పట్టు పోయి ఆ తోపుకి అడ్డే ఉండదు. నన్ను చూసి నవ్వే బావమరిది ఈ పొదుపుకి మాత్రం నవ్వడు. ఇక నిన్ను ట్రాక్టరుకి కలిపేది ఒకే ఒక్క పిన్ను. అది జారకుండా పెట్టాల్సిన క్లిప్పు స్థానంలో గోనెతాడు ఉంది. పిన్ను విరిగితే పట్టుకోవడానికి గొలుసు లేదు. అమెరికాలో మా అన్నయ్య ఇల్లు మారడానికి అద్దెకి చిన్న ట్రెయిలర్ తీసుకుంటే, బండికి తగిలించే దాని మూతి కింద రెండు గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటించి తగిలించాకే కదలనిచ్చారట. మూతి ఊడినా నేలకి తగలకుండా ఆ గొలుసుల మీద ఆగుతుందని. అక్కడ రోడ్డెక్కే ట్రాక్టర్ల వెనక ఎర్ర అంచున్న నారింజ రంగు త్రికోణం ఉంటుంది, నిదానంగా పోయే బండి అని తెలియడానికి. 1960లలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసింది. రేకు ముక్క అది, రాకెట్టు కాదు.

లోడైనా సరిగ్గా ఉంటుందా అంటే అదీ లేదు. బరువు ఇరుసుకి కాస్త ముందుకి ఉండేట్టు సర్దితే నిలకడగా వస్తావు. వెనక్కి ఎక్కువైతే మూతి పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాల మీద బరువు తేలిపోతుంది, ఉన్న కాస్త బ్రేకూ పని చెయ్యదు. మరీ ముందుకి కుక్కితే కట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి. అప్పుడు బానెట్టు మీద ఇద్దరు మనుషుల్ని కూర్చోబెడతారు. దాన్ని ఇంజనీరింగ్ అంటారు.

గడ్డి అయితే పోనీ అనుకోవచ్చు. మనుషుల్ని కూడా ఎక్కిస్తావు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలవలో బోల్తాపడి పదిమందికి పైగా పోయారు. ఎక్కువమంది పొలం పనికి వెళ్తున్న ఆడవాళ్ళు. అదే ఏడాది, దానికి రెండు నెలల ముందే, నల్గొండ జిల్లాలో ఇంకో ట్రాక్టరు ఇంకో కాలవలో పడింది. మిరప కోతకి వెళ్తున్న కూలీలు అందులో ఉన్నారు. చట్టం ప్రకారం నువ్వు సరుకు మొయ్యడానికి, మనుషుల్ని కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు. రేపు పొద్దున ఏ ఊళ్ళో చూసినా నాలుగున్నరకి నీ అంచు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడే ఉంటారు, వాళ్ళకి వేరే బండి ఎవరూ పంపరు కాబట్టి.

కోపంలో ఏకవచనం వచ్చేసింది. క్షమించండి. మళ్ళీ గారూ అంటాను, ఎందుకంటే మీకు కొంత బాకీ ఉన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్నిని, ఆవిడ గ్యాస్ బండనీ, పక్కింటి ముసలాయన్నీ బయటికి తెచ్చింది మీ జాతిదే. ఆ నీళ్ళలో నా లీటరుకి 19 కారు సెల్లార్లో స్టీరింగు దాకా మునిగి ఉంది. మీరు మాత్రం మధ్యలో ఒక్కసారీ ఆగలేదు. పిన్ని ఇప్పటికీ మిమ్మల్ని ఒక్క మాట అననివ్వదు. అప్పుడు కూడా మీకు వెనక లైటు లేదని చెప్తే, "నీళ్ళలో వెనక నుంచి ఎవరొచ్చి గుద్దుతార్రా" అంటుంది. న్యాయమే.

మీ డ్రైవరు మీద నాకేం కోపం లేదు. ఆ రాత్రి అతను చలిలో తువ్వాలు కప్పుకుని, పంక్చరు కుర్రాడి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. "సార్, లైటు పెట్టిస్తే ఓనరు నా జీతంలో కోస్తాడండీ" అన్నాడు. సాకెట్టు చూపించాను. "ఇదెందుకో అనుకున్నానండీ" అన్నాడు.

చివరిగా ఒక మాట. టైరు బాగయ్యాక మీరు వెళ్ళిపోయి ఉంటారు. చక్రాల కింద అడ్డం పెట్టిన రాళ్ళు మాత్రం అక్కడే ఉండి ఉంటాయి. ఎప్పుడూ ఉంటాయి. దయచేసి వాటిని పక్కకి దొర్లించండి. ఆ రాళ్ళకి కూడా వెనక లైటు ఉండదు.

ఇట్లు,
మీ వెనకాలే వస్తున్నవాడు

తా.క.: రేడియం టేపు ఒక చుట్ట కొని డిక్కీలో వేశాను. అక్కర్లేని బరువు మోయను అన్నాను గానీ ఇది అక్కరే. ఈసారి ఏ టీ కొట్టు దగ్గర ఆగి ఉన్నా మీ డ్రైవర్ని అడిగి నేనే అంటిస్తాను. వెనక్కి ఎరుపు, పక్కలకి పసుపు, ముందుకి తెలుపు. పిల్లల పేర్ల మీద పడకుండా చూస్తాను. హీరో గారి మీద పడితే మాత్రం నన్నేమీ అనొద్దు.