బకెట్ నుంచి బింగో దాకా: అమెరికా పల్లెల్లో అగ్నిమాపక ప్రస్థానం

పెన్సిల్వేనియాలోనో ఒహాయోలోనో సిటీకి దూరంగా రెండెకరాల్లో ఇంద్రభవనం లాంటి ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళందరికీ ముందుగా ఒక మనవి. రేపు ఆ ఇల్లు అంటుకుంటే వచ్చేది గవర్నమెంట్ కాదండీ. మొన్న మీ ఇంటి ప్రొపేన్ ట్యాంక్ నింపి వెళ్ళినాయన, మీవాడి స్కూల్ బస్సు నడిపే ఆవిడ, ఆవుల పాలు పితుకుతూ పేజర్ మోగిందని మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చే రైతు, వీళ్ళే మీ ఫైర్ డిపార్ట్‌మెంట్. జీతం? సున్నా. "ఇంతింత ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం కదా, ఏమైపోతోంది అదంతా" అని అడగొచ్చు, న్యాయమే, కానీ అందులో సింహభాగం స్కూళ్ళకే పోతోంది మరి, స్కూల్ రేటింగ్ చూసే కదా ఇల్లు కొన్నాం.

ఈ మహత్తర వ్యవస్థ పునాదులు ఫిలడెల్ఫియాలో ఉన్నాయి. 1735లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే 29 ఏళ్ళ కుర్రాడు, నేను ముసలాణ్ణి, చేతులు సరిగ్గా పనిచెయ్యవు, మంటలార్పడానికి రాలేను గనక సలహాలిస్తున్నాను అని మారుపేరుతో ఒక ఉత్తరం రాసి తన సొంత పేపర్లో తనే అచ్చేసుకున్నాడు. (ఫేక్ ఐడీలు నిన్నమొన్న పుట్టినవి అనుకునేవాళ్ళు గమనించాలి.) మరుసటి ఏడాది, 1736లో, యూనియన్ ఫైర్ కంపెనీ అని మంటలార్పే వాలంటీర్ల సంఘం ఒకటి పెట్టాడు. ఒక్కొక్క మెంబరూ ఇన్ని తోలు బకెట్లు, సామాన్లు సర్దడానికి ఇన్ని సంచులు, బుట్టలు ఎప్పుడూ రెడీగా ఉంచుకోవాలి, నెలకోసారి సాయంత్రం అందరూ కూర్చుని మంటల గురించి మాట్లాడుకోవాలి, రాకపోతే ఫైన్. ఆ ఫైన్ల డబ్బుతోనే ఇంజన్లు, నిచ్చెనలు కొన్నారు. అంటే మీటింగుకి ఎగ్గొట్టినవాళ్ళే ఈ సంస్థకి అసలైన మహారాజ పోషకులన్నమాట, ఈ లెక్కన మన తెలుగు సంఘాలకి ఈపాటికి తలా ఒక ఫైరింజన్ ఉండాలి.

తర్వాత వందేళ్ళలో ఈ సేవాభావం ఎంత ముదిరిందంటే, మంట దగ్గరికి ముందు ఎవరు చేరాలని కంపెనీలు నడిరోడ్డు మీద తన్నుకునేదాకా వచ్చింది. న్యూయార్క్‌లో ఒక కుర్రాణ్ణి పీపాతో ముందే పంపేవాళ్ళు, వాడు వెళ్ళి హైడ్రెంట్ (ఫైరింజన్లకి నీళ్ళిచ్చే వీధి పంపు) మీద పీపా బోర్లించి దాని మీద కూర్చుంటే అవతలి కంపెనీకి నీళ్ళు దొరకవు, తమవాళ్ళొచ్చేదాకా వాడి పని అదే, ఈలోపు ఇల్లు దాని పని అది చూసుకునేది. అదే ఊళ్ళో అమెరికస్ ఇంజన్ కంపెనీకి నాయకుడిగా పేరు తెచ్చుకున్న విలియం ట్వీడ్ ఆ కండబలంతోనే రాజకీయాల్లోకి వెళ్ళి నగరం ఖజానాని కూడా అంతే శ్రద్ధగా ఆర్పేశాడు. చివరికి జనం విసిగిపోయారు, 1853లో సిన్సినాటి ఆవిరి ఇంజను, జీతాల మనుషులతో మొదలెట్టింది, 1865లో న్యూయార్క్, 1871లో ఫిలడెల్ఫియా అదే దారి పట్టాయి. పల్లెలకి జీతాలిచ్చే స్తోమత లేదు గనక అక్కడ వాలంటీర్లు మిగిలారు. ఇప్పటికీ అమెరికా మొత్తం ఫైర్‌ఫైటర్లలో మూడింట రెండు వంతుల మంది దాకా వాళ్ళే.

పల్లెలో హైడ్రెంట్లు ఉండవు. చెరువు గట్టు మీద ఒక లావుపాటి గొట్టం మూతపెట్టి ఉంటుంది చూడండి, దాన్ని డ్రై హైడ్రెంట్ అంటారు, రెండో కొన నీళ్ళలో ఉంటుంది, ట్రక్కొచ్చి దానికి తగిలించుకుని నీళ్ళు లాక్కుంటుంది. అది కూడా లేనిచోట ట్యాంకర్లు తిరుగుతూ, రోడ్డు పక్కన పరిచిన మడత తొట్టిలో నీళ్ళు కుమ్మరించి మళ్ళీ నింపుకోడానికి పోతాయి. ఇంత నాగరికత తెలిసిన మనం ఏం చేస్తాం, కొత్త కాలనీలో ఆ గొట్టం వ్యూ పాడుచేస్తోందని చుట్టూ ఏపుగా పూలపొదలు పెంచుతాం. 1840ల్లో ఆ పీపా కుర్రాడు చేసిందాన్నే మనం ల్యాండ్‌స్కేపింగ్ బిల్లు కట్టి మరీ చేయిస్తున్నాం.

ఇక ఆర్థిక శాఖ. కొత్త ఇంజన్ ఒకటి దగ్గర దగ్గర పది లక్షల డాలర్లు. అది పాన్‌కేకులు, చికెన్ బార్బెక్యూ, ఫిష్ ఫ్రై, బింగో (మన తంబోలా లాంటి ఆట) వీటిమీద రావాలి. ప్లేటుకి పది డాలర్లనుకుంటే లక్ష ప్లేట్లు, అదీ పిండి, నూనె ఖర్చు తీసెయ్యకుండా. 2001 నుంచి ఫెడరల్ గ్రాంట్లు వచ్చాయి గానీ వాటికి అప్లికేషన్ రాయడం మంటార్పడం కన్నా కష్టమని వినికిడి. ఏటా మన ఇంటికీ ఒక డొనేషన్ కవరొస్తుంది, తపాలా బిళ్ళ అంటించి మరీ. దాన్ని మనం పిజ్జా కూపన్లతో కలిపి రీసైక్లింగులో గౌరవంగా నిమజ్జనం చేస్తాం.

మనుషుల సంగతికొస్తే ప్రగతి అద్భుతం. 1970ల్లో పెన్సిల్వేనియాలో మూడు లక్షల మంది వాలంటీర్లుండేవాళ్ళు, 2018లో ఆ రాష్ట్రం వేసిన కమిషన్ రిపోర్టు ప్రకారం సుమారు 38,000. ట్రైనింగే వంద గంటలు దాటింది, ఊళ్ళో ఉద్యోగాల్లేవు, ఉన్నవాళ్ళు గంట దూరం డ్రైవ్ చేసి పగలంతా అక్కడే ఉంటారు. మంటలేమో వాళ్ళ షిఫ్టు చూసుకుని రావాయె. పైగా వచ్చే కాల్సులో నిజమైన మంటలు నూటికి నాలుగైదే, మిగతావి చాలావరకు మెడికల్, కొన్ని ఉత్తుత్తి అలారాలు.

ఆ చివరి పద్దులో మన సేవ మరువలేనిది. పులిహోర పోపులో ఎండుమిర్చి ఒక్క క్షణం ఎక్కువ మాడిందా, మానిటరింగ్ కంపెనీకి సిగ్నల్ పోయిందా, మనం చీపురుతో స్మోక్ అలారం పొడుస్తూ ఉండగానే బయట పెద్ద ట్రక్కు, అందులోంచి పాతిక కిలోల గేరు వేసుకుని చెమటలు కారుతూ దిగిన స్కూల్ బస్సావిడ. దగ్గుతూనే "ఎవ్రీబడీ ఓకే?" అంటుంది పాపం. గృహప్రవేశం హోమాలైతే ఇక చెప్పక్కర్లేదు, పురోహితుడు గారు పూర్ణాహుతి అనేసరికి పేజర్లు మోగుతాయి.

ఇన్సూరెన్సు వాళ్ళు మాత్రం లెక్క తప్పరు. ఫైర్ స్టేషన్ రోడ్డు మీద అయిదు మైళ్ళు దాటితే సాధారణంగా వాళ్ళ ఫైర్ రేటింగులో మీ ఇంటికి 10వ క్లాసు, అంటే రక్షణ లేనట్టే, ప్రీమియం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకని ఆ స్టేషన్ మూతపడకూడదు, అయితే దాని సైరన్ మనకి వినపడకూడదు, దాని బింగోకి మనం వెళ్ళకూడదు, మన పిల్లాడు దాంట్లో చేరకూడదు, వాడికి శాట్ కోచింగుంది. కాలనీ మీటింగులో ఈ నాలుగూ ఏకగ్రీవంగా పాసవుతాయి, కావాలంటే పెట్టి చూడండి.

అన్నట్టు ఈ ఆదివారం పొద్దున ఏడింటికి స్టేషన్లో పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్టట. గుడ్డు లేకుండా వేస్తారేమో ఎవరైనా కనుక్కుని వాట్సాప్ గ్రూపులో పెట్టండి.