ఆటో స్టార్టర్ గారి సముఖానికి

మహారాజశ్రీ ఆటో స్టార్టర్ గారికి,

బోరు పక్కన రేకు డబ్బాలో తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాం. ఇక్కడ అంత కులాసా లేదు. 2070 కల్లా కర్బన ఉద్గారాలను నికరంగా సున్నా చేస్తామని 2021లో గ్లాస్గోలో దేశం మాటిచ్చింది. ఆ కబురు తమ దాకా వచ్చినట్టు లేదు. మూడు ఫేజులూ వస్తే మనిషి చెయ్యి పడకుండానే మోటారు వెయ్యడమే తమకు తెలుసు. పగలా రాత్రా, చేనుకు తడి కావాలా వద్దా అన్నది తమ శాఖ కాదు.

తమ పుట్టుకను తప్పుపట్టం. ఏడు గంటల కరెంటు, అదీ రెండు విడతలుగా అర్ధరాత్రి ఇచ్చిన రోజుల్లో రైతును మంచం మీద పడుకోనిచ్చింది తమరే. చీకట్లో పాము కరిచో, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకునో పోయినవాళ్లు ఎందరో. అందుకు దణ్ణం. కానీ వ్యవసాయానికి తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ కరెంటు, ఆంధ్రలో పగలే 9 గంటలన్నది సర్కారు మాట. డ్యూటీ అయిపోయినా తమరు కుర్చీ దిగరు. లైన్‌మన్ వచ్చి వైరు కత్తిరిస్తాడు. ఆయన బండి మలుపు తిరిగేలోపు జానెడు వైరుముక్కతో తమకు మళ్లీ పట్టాభిషేకం!

తమ ఘనకార్యం లెక్క ఇదీ. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. లేచేటప్పుడు దానికి ఆరింతలు, 45 దాకా. 25 కేవీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు మోసేది సుమారు 35 ఆంపియర్లు. దాని కింద నాలుగు మోటార్లుంటే నడకకు 30 చాలు. కరెంటు పోయి రాగానే తమరు నలుగురూ ఒక్కసారే లేపితే 180! ఓల్టేజీ కూలబడుతుంది, మోటారు తిరగలేక మూలుగుతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజు తీగ బదులు ఎవరైనా లావుపాటి అల్యూమినియం తీగ చుట్టి ఉంటే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. అడుగంటిన బోరులో ఉత్త మోటారు తిప్పి వైండింగ్ కాల్చడం మరో ముచ్చట. కరెంటు ఉచితం గానీ రీవైండింగ్ కాదు కదా.

రాత్రి ఎనిమిది గంటలు తిప్పితే 30 యూనిట్ల పైమాటే. దాని వెనక థర్మల్ కేంద్రంలో ఇరవై కిలోల బొగ్గు కాలుతుంది. పగలేమో సౌర విద్యుత్తు కొనేవాళ్లు చాలక, కరెంటు అమ్మి కొనే ఎక్స్ఛేంజీలో ధర పడిపోతుంది. పొద్దుగూకితే అదే యూనిట్ 10 రూపాయల పరిమితిని తాకుతుంది. పగటి వ్యవసాయానికని 2021లో ఆంధ్రప్రదేశ్ 7,000 మెగావాట్ల సోలార్‌కు యూనిట్ 2.49 రూపాయల చొప్పున ఒప్పందం చేసుకుంది. పగటి సౌర కరెంటును రాత్రికి దాచే బ్యాటరీలకు కోట్లు పోసేకన్నా తమను పగటికి మళ్లిస్తే చవక. బోరునీళ్లు రాత్రి తోడినా పగలు తోడినా అవే నీళ్లు.

మరి ఎవరు చెప్పాలి తమకు? 2023లో తెలంగాణ ఎన్నికలు రైతుకు కరెంటు మూడు గంటలా, ఇరవై నాలుగు గంటలా అన్న రచ్చ మీదే సగం నడిచాయి. మీటరు మాటెత్తితే ఓటు పోతుందని భయం. చాలాచోట్ల మీటరు లేదు కాబట్టి తమరు వాడిందెంతో డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, అంచనాయే. ఆ అంచనా కిందే దొంగ కరెంటూ, లైను నష్టాలూ హాయిగా దాక్కుంటాయి. తమ బిల్లులో కొంత ఖజానా సబ్సిడీ, కొంత ఫ్యాక్టరీల మీద వేసిన హెచ్చు టారిఫ్. ఆ ఫ్యాక్టరీలేమో సొంత సోలార్ పెట్టుకుని మెల్లగా జారుకుంటున్నాయి. పచ్చదనం పెరిగిన కొద్దీ తమ బిల్లు కట్టేవాళ్లు తగ్గుతున్నారన్నమాట.

పూర్తిగా దిగిపొమ్మంటే ఎలాగూ వినరు. కనీసం కరెంటు వచ్చాక కాసేపు ఆగి మోటారు లేపే డిలే టైమర్ తగిలించుకోండి. ఒకరికి రెండు నిమిషాలు, పక్కవారికి నాలుగు, ఆ పక్కన ఆరు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది. లైను నుంచి లాగే కరెంటును తగ్గించే 2 కేవీఏఆర్ కెపాసిటర్ మోటారుకు పెట్టించుకోండి. ఉన్నదాన్ని పీకి ఇంట్లో పడేసి ఉంటే తెచ్చి బిగించండి. బోరులో నీళ్లు లేనప్పుడు మోటారు ఆపేసే డ్రై రన్ రిలే కూడా ఒకటి. పొద్దున తొమ్మిదికి లేచి సాయంత్రం నాలుగుకు పడుకునే టైమ్ స్విచ్ ఒప్పుకుంటే మరీ సంతోషం. పక్క చేలోని డబ్బాకు కూడా ఈ ముక్క చేరవేయగలరు.

ఇట్లు,
తమ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆధారపడ్డవాళ్లు